దమ్ము లెక్క: ఉరుకుడా, నడకా?

పొద్దుగాల ఐదున్నరకు నల్లగొండలో మేకల అభినవ్ స్టేడియానికి పోయినా, మహబూబ్‌నగర్‌లో స్టేడియం గ్రౌండుకు పోయినా కనిపించేది ఒకటే దృశ్యం. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఒళ్లంతా చెమటలు కారంగ ఉరుకుతుంటారు. వాళ్ల పక్కనుంచే షుగరో, బీపీయో ఉన్న పెద్దమనుషులు ముచ్చట్లు పెట్టుకుంటూ నడుస్తుంటారు. ఉరికేవాళ్లకు నడిచేవాళ్లను చూస్తే జాలి: "ఇట్ల నడిస్తే ఏం కరుగుతది?" నడిచేవాళ్లకు ఉరికేవాళ్లను చూస్తే భయం: "ఇట్ల ఉరికితే గుండె ఏమైతది?"

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. ఇంజనీరింగ్ చదివేటోళ్లం కాబట్టి కొంచెం లెక్క వేసి, కొన్ని ప్రయోగాలు చూసి జవాబు వెతుకుదాం.

నాకు ఈ సంగతి అవసరం పడింది ముగ్గురి వల్ల. ఒకడు మా చిన్నాయిన కొడుకు. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ గ్రౌండుకు పోతున్నాడు. రెండోవాడు నా రూమ్మేట్, పాలమూరోడు. ప్లేస్‌మెంట్లు వచ్చేలోపు పొట్ట తగ్గాలని పట్టుబట్టాడు. మూడో మనిషి మా నాయిన. వయసు 52. షుగర్ ఉంది, బీపీకి గోలి వేసుకుంటాడు. ఫోన్లో "నాలుగు నిమిషాల్లో కొవ్వు మాయం" అనే వీడియో చూసి, నాకు పంపి, "ఇది నేను చెయ్యొచ్చా బిడ్డా?" అని అడిగాడు. మొదటి ఇద్దరికి తప్పు సలహా చెప్తే పోయేది కొన్ని వారాల కష్టం. నాయినకు తప్పు చెప్తే పోయేది ఏంటో ఆలోచించడానికి కూడా మనసు రాలేదు. అందుకే అవునూ అనలేదు, కాదూ అనలేదు. కూర్చొని చదివాను. చదివింది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు పేర్లు తేల్చుకుందాం

ఒక మోస్తరు కార్డియో అంటే ఆగకుండా, ఒకే తీరుగా, చాలాసేపు చేసేది. జోరు నడక, సమతలంగా ఉన్న రోడ్డు మీద సైకిల్, మెల్లగా జాగింగ్ ఈ లెక్కలోకి వస్తాయి. దీన్ని కొలవడానికి మిషన్ అక్కర లేదు, మాట పరీక్ష చాలు. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. మన బతుకమ్మ చూడండి. పాట పాడుకుంటూ, చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారంటే అది ఇంకా తేలిక స్థాయే. ఆట వేగం పెరిగి, పాట అందుకునే గొంతులు తగ్గి, "ఉయ్యాలో" మాత్రమే మిగిలిందంటే ఒక మోస్తరు స్థాయిలోకి వచ్చినట్టు.

రెండోది హై ఇంటెన్సిటీ ఇంటర్వల్ ట్రైనింగ్. అందరూ హిట్ అంటారు. కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా, మళ్లీ గట్టిగా. గట్టిగా చేసేటప్పుడు నోట్లో నుంచి రెండు మూడు మాటల కంటే ఎక్కువ రావు. ఇదేదో విదేశాల నుంచి వచ్చిన కొత్త సంగతి అనుకునేటోళ్లకు కబడ్డీ గుర్తు చేస్తాను. ఒక రైడు 30 సెకన్లు. కూత పెడుతూ పోవాలి, తన్నాలి, తప్పించుకోవాలి, గీత తాకాలి. వచ్చాక కొంచెం ఊపిరి పీల్చుకోవాలి, మళ్లీ పోవాలి. మన ఊర్ల గ్రౌండ్లలో ఎవరూ ఆ పేరు పెట్టకుండానే ఇంటర్వల్ ట్రైనింగ్ నడుస్తూనే ఉంది.

అంకెలు కావాలంటే గుండె వేగం చూడాలి. వయసును 0.7తో గుణించి 208లోంచి తీసేస్తే గరిష్ఠ గుండె వేగం సుమారుగా వస్తుంది. ఇరవై ఏళ్లవాడికి 194. ఒక మోస్తరు స్థాయి అంటే అందులో 64 నుంచి 76 శాతం, అంటే నిమిషానికి 124 నుంచి 147. హిట్‌లో గట్టి భాగం సాధారణంగా 85 నుంచి 95 శాతం, అంటే 165 నుంచి 184. ఇది సగటు లెక్క. మనిషికీ మనిషికీ పది అటూ ఇటూ ఉంటుంది. ఇంకో ముఖ్యమైన మాట: బీపీకి వాడే కొన్ని గోలీలు గుండె వేగాన్నే తగ్గిస్తాయి. అవి వేసుకునేవాళ్లకు ఈ లెక్క పనిచేయదు, మాట పరీక్షే నయం.

గుండె అంటే పంపు

మెకానికల్ వాళ్లకు ఇది వెంటనే అర్థమైతది. పంపు నిమిషానికి ఎంత నీళ్లు పోస్తుందంటే, ఒక్క స్ట్రోకుకు ఎంత పోస్తుందో దాన్ని నిమిషానికి ఎన్ని స్ట్రోకులో దాంతో గుణించాలి. గుండె కూడా అంతే. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటూ, కొట్టుకున్న ప్రతిసారీ సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం పంపిస్తుంది. అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు. పాణం పెట్టి ఉరికేటప్పుడు మామూలు కుర్రాడి గుండె 20 లీటర్ల దాకా పోస్తుంది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఎంత సాధన చేసినా గరిష్ఠ గుండె వేగం పెరగదు. అది వయసుతో తగ్గుతూ పోతుంది, అంతే. పెరిగేది ఒక్కో స్ట్రోకులో పంపే రక్తం. అందుకే బాగా సాధన చేసినవాళ్ల గుండె కూర్చున్నప్పుడు 50, 55 సార్లే కొట్టుకుంటుంది. తక్కువ తిరుగుళ్లకే కావాల్సిన నీళ్లు పోసే మోటారు లాంటిదన్నమాట.

మన దగ్గర దీనికి ఎప్పటినుంచో ఒక మాట ఉంది: దమ్ము. "వానికి దమ్ము ఎక్కువ" అంటే శరీరం నిమిషానికి ఎక్కువ ఆక్సిజన్ వాడుకోగలదని అర్థం. పుస్తకాల్లో దీన్నే వీఓ2 మాక్స్ అంటారు. కిలో బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలమో చెప్పే అంకె అది. ఈ అంకె తక్కువ ఉన్నవాళ్లకు గుండె జబ్బులు, తొందరగా చనిపోయే అవకాశం ఎక్కువ అని చాలా దేశాల్లో చాలా ఏళ్లు చేసిన పరిశీలనల్లో తేలింది. కాబట్టి దమ్ము పెంచుకోవడం ఉద్యోగం కోసమే అనుకోవద్దు. ఆయుష్షు లెక్కలో కూడా దానికి చోటుంది.

7 నిమిషాల 15 సెకన్ల వెనుక లెక్క

తెలంగాణలో 2022 పోలీసు నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు పెట్టారు. 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. ఆడవాళ్లకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు.

పరుగుకు కావాల్సిన ఆక్సిజన్‌కు ఒక సులువైన సూత్రం ఉంది. నిమిషానికి ఎన్ని మీటర్లు ఉరుకుతున్నామో దాన్ని 0.2తో గుణించి 3.5 కలపాలి. 1600ను 7.25తో భాగిస్తే నిమిషానికి సుమారు 221 మీటర్లు. దానికి కావాల్సింది కిలోకు నిమిషానికి దాదాపు 48 మిల్లీలీటర్లు. ఏడు నిమిషాల పరుగంటే దాదాపు గరిష్ఠ స్థాయిలోనే ఉరకాలి. కాబట్టి దమ్ము అంకె 48 చుట్టుపక్కల లేనివాడు ఎంత పట్టుదలతో ఉన్నా ఆఖరి రౌండులో కూలబడతాడు. ఆడవాళ్ల పరుగుకు ఇదే సూత్రం వేస్తే 33 లేక 34 వస్తుంది.

ఈ లెక్క చూశాక మా తమ్ముడికి ఒక విషయం తేటతెల్లం అయింది. వాడు రోజూ ఒకే వేగంతో, గంటకు 9 కిలోమీటర్ల చొప్పున, అరగంట ఉరుకుతున్నాడు. పరీక్షకు కావాల్సింది గంటకు 13 కిలోమీటర్ల పైన. ఆ వేగాన్ని శరీరానికి ఎన్నడూ చూపించకుండా పరీక్ష రోజు మాత్రం అడిగితే ఎక్కడినుంచి వస్తది?

ఇంటర్వల్ పద్ధతి ఉపయోగపడేది సరిగ్గా ఇక్కడే. గరిష్ఠ స్థాయి దగ్గర ఆగకుండా ఉరికితే ఆరేడు నిమిషాలకు పని అయిపోతుంది. అదే నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, ఇట్లా నాలుగు సార్లు చేస్తే గుండె ఆ స్థాయిలో 16 నిమిషాల పని చేస్తుంది. ముక్కలు చేసి మోస్తే ఎక్కువ బరువు మోయగలం, అంతే సంగతి.

ప్రయోగాలు ఏమంటున్నాయి

ఈ నాలుగు నాలుగుల పద్ధతి నార్వేలోని ట్రోండ్‌హైమ్ పరిశోధకుల వల్ల పేరు తెచ్చుకుంది. 2007లో హెల్గెరుడ్ బృందం 40 మంది ఆరోగ్యవంతులైన యువకులను తీసుకొని, నాలుగు గుంపులు చేసి, ఎనిమిది వారాలు, వారానికి మూడు రోజులు ఉరికించింది. అందరి మొత్తం పని సమానం. నాలుగు నిమిషాల ఇంటర్వల్స్ చేసిన గుంపులో దమ్ము 7.2 శాతం పెరిగింది. 15 సెకన్లు ఉరికి 15 సెకన్లు తేలికపడే గుంపులో 5.5 శాతం. ఒకే తీరుగా ఉరికిన రెండు గుంపుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అయితే వీళ్లంతా ముందునుంచే కొంత సాధన ఉన్నవాళ్లని గుర్తుంచుకోవాలి.

జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా 1996 ప్రయోగం పేరు మీదనే సగం వీడియోలు నడుస్తున్నాయి. 20 సెకన్లు గట్టిగా, 10 సెకన్లు విశ్రాంతి, ఏడెనిమిది సార్లు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది కదా అనిపిస్తుంది. కానీ ఆ ప్రయోగంలో గట్టిగా అంటే దమ్ము అంకెకు 170 శాతం పనిలో సైకిల్ తొక్కడం, అది కూడా క్రీడల్లో ఉన్న యువకులు. గదిలో పరుపు పక్కన నాలుగు నిమిషాలు ఎగిరితే అది టబాటా అయిపోదు. పైగా అదే ప్రయోగంలో రోజుకు గంటసేపు ఒక మోస్తరుగా తొక్కిన గుంపుకు కూడా దమ్ము బాగానే పెరిగింది.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2016లో మనలాంటి బద్ధకస్తులకు ఆశ కలిగించే ఫలితం ప్రకటించింది. కసరత్తు అలవాటు లేని మగవాళ్లలో ఒక గుంపు పది నిమిషాల సైకిల్ తొక్కింది, అందులో ప్రాణం పెట్టి తొక్కింది 20 సెకన్ల చొప్పున మూడు సార్లే. ఇంకో గుంపు 45 నిమిషాలు ఒక మోస్తరుగా తొక్కింది. 12 వారాల తర్వాత రెండు గుంపుల్లోనూ దమ్ము దాదాపు 19 శాతం పెరిగింది. దీన్ని రెండు వైపులా చదవాలి. టైం లేనివాడికి ఇంటర్వల్స్ వరం. టైం ఉన్నవాడికి మెల్లగా చేసినా అదే ఫలం.

మరి గుండె జబ్బు ఉన్నవాళ్ల సంగతి? 2007లో విస్లఫ్ బృందం గుండె బలహీనపడిన 27 మంది రోగుల మీద చేసిన ప్రయోగంలో ఇంటర్వల్ గుంపుకు దమ్ము 46 శాతం, మోస్తరు గుంపుకు 14 శాతం పెరిగింది. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కానీ 27 మంది చిన్న సంఖ్య. 2017లో యూరప్‌లోని తొమ్మిది కేంద్రాల్లో 261 మందితో మళ్లీ చూస్తే రెండు పద్ధతుల మధ్య అంత తేడా కనిపించలేదు. అందులోనే ఇంకో తమాషా సంగతి బయటపడింది. గట్టిగా చేయమన్నవాళ్లలో సగం మంది చెప్పినంత గట్టిగా చేయలేదు, మెల్లగా చేయమన్నవాళ్లలో చాలామంది చెప్పినదానికంటే గట్టిగా చేశారు. మనుషులు ఎక్కడైనా మనుషులే.

ముసలివాళ్ల మీద పెద్ద పరిశీలన కూడా ట్రోండ్‌హైమ్‌లోనే జరిగింది. 70 నుంచి 77 ఏళ్ల వాళ్లు 1567 మంది, ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో చనిపోయినవాళ్లు ఇంటర్వల్ గుంపులో 3 శాతం, మోస్తరు గుంపులో 5.9 శాతం, మామూలు సలహా మాత్రమే విన్న గుంపులో 4.7 శాతం. అంకెలు ఇంటర్వల్స్ వైపు మొగ్గినట్టు కనిపించినా, ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చని స్టాటిస్టిక్స్ చెప్పింది. సెకండియర్‌లో పీ వాల్యూ ఎందుకు చదివామో నాకు ఇది చూశాక తెలిసింది.

మొత్తం మీద దమ్ము పెంచడంలో, ముఖ్యంగా తక్కువ సమయంలో, ఇంటర్వల్స్‌దే కొంచెం పైచేయి. బీపీ తగ్గించడంలో రెండూ ఇంచుమించు సమానం.

కొవ్వు దగ్గరికొస్తే

నా రూమ్మేట్‌కు కావాల్సింది ఈ భాగం. "ఫ్యాట్ బర్నింగ్ జోన్" అని జిమ్ మిషన్ల మీద రాసి ఉంటుంది. మెల్లగా చేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో కొవ్వు వాటా శాతం ఎక్కువనేది నిజమే. కానీ శాతం వేరు, మొత్తం వేరు.

65 కిలోల మనిషిని తీసుకుందాం. గంటకు 5.5 కిలోమీటర్ల జోరు నడకలో అరగంటకు సుమారు 125 కేలరీలు ఖర్చవుతాయి. గంటకు 10 కిలోమీటర్ల పరుగులో అరగంటకు సుమారు 360. నడకలో 60 శాతం కొవ్వు నుంచి, పరుగులో 35 శాతం కొవ్వు నుంచి వచ్చిందనుకున్నా, నడకలో 75, పరుగులో 126 కేలరీల కొవ్వు ఖర్చైనట్టు. శాతం తగ్గినా మొత్తం పెరిగింది. ఆ మాటకొస్తే కసరత్తు చేసే అరగంటలో ఏది కాలిందనేది అంత ముఖ్యం కాదు. రోజు మొత్తం మీద తిన్నదెంత, ఖర్చైందెంత అనేదే ఒంట్లో కొవ్వును తేలుస్తుంది.

ఇంకో ప్రచారం: హిట్ చేస్తే తర్వాత రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుందని. కసరత్తు ఆపాక కూడా శరీరం కాసేపు ఎక్కువ ఆక్సిజన్ వాడుకోవడం నిజం. కానీ అది కసరత్తులో ఖర్చైనదాంట్లో 6 నుంచి 15 శాతం మాత్రమే. 300 కేలరీలు ఖర్చు చేస్తే తర్వాత కలిసొచ్చేది 18 నుంచి 45. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీలు ఉంటాయి. అంటే ఆ లాభం ఎక్కువలో ఎక్కువ 13 గ్రాముల బియ్యం, ఒక పిడికెడు కూడా నిండదు.

2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు బరువు ఎక్కువ ఉన్నవాళ్ల మీద జరిగిన ప్రయోగాలన్నీ ఒకచోట చేర్చి చూశారు. రెండు పద్ధతుల్లోనూ కొవ్వు తగ్గింది, నడుము కొలత తగ్గింది. రెండింటి మధ్య తేడా లేదు. ఇంటర్వల్స్‌కు పట్టిన సమయం మాత్రం దాదాపు 40 శాతం తక్కువ.

ఇక చేదు లెక్క. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు నడిస్తే వారానికి 620. తిండి ఏం మార్చకపోతే కిలో తగ్గడానికి పన్నెండు వారాలు పడుతుంది. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే 120 కేలరీలకు పైనే. అరగంట నడిచి వచ్చి ఒక కూల్‌డ్రింక్ తాగితే లెక్క సున్నా. మా రూమ్మేట్‌కు ఇది చెప్పినప్పుడు వాడు చేతిలో ఉన్న సీసా వైపు చూసి, "ఇప్పుడే చెప్పాల్నారా ఇది?" అన్నాడు.

అట్లని కసరత్తు దండగ అనుకోవద్దు. బరువు అంగుళం కదలకపోయినా దమ్ము పెరుగుతుంది, బీపీ తగ్గుతుంది, షుగర్ అదుపులోకి వస్తుంది. తూకం మిషన్ చూపించని లాభాలు ఇవి.

భయం ఎంత నిజం?

నార్వేలోనే మూడు గుండె చికిత్సా కేంద్రాల్లో 4846 మంది రోగుల కసరత్తు గంటలు లెక్కపెట్టారు. మోస్తరు కసరత్తు 1,29,456 గంటల్లో ఒక్కరికి గుండె ఆగింది. గట్టి ఇంటర్వల్స్ 46,364 గంటల్లో ఇద్దరికి. రెండూ చాలా అరుదే. కానీ గంటకు ఇంత అని చూస్తే గట్టి కసరత్తులో ఎక్కువ. ఇదంతా పక్కన వైద్య సిబ్బంది ఉన్నచోట, ముందే పరీక్షలు చేసినవాళ్లలో. మన దగ్గర పెద్దవాళ్లు ఈసీజీ అంటే ఏంటో తెలియకుండా వీడియో చూసి ఎగిరితే ఆ అంకెలు వాళ్లకు వర్తించవు.

మన ప్రాంతానికి ఇంకో రెండు సంగతులు కలపాలి. ఒకటి ఎండ. మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలు చూస్తుంది. ఎండలో శరీరం చల్లబడటానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. ఎండాకాలం వేగం చూసి ఉరకొద్దు, ఆయాసం చూసి ఉరకాలి. అది కూడా పొద్దు పొడిచే వేళకే అయిపోవాలి. రెండోది ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు ఎగరడం, దుంకడం వద్దు. నడక, సైకిల్ సరిపోతాయి.

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం. వీటిలో ఏది వచ్చినా ఆగాలి, ఆసుపత్రికి పోవాలి. "గ్యాస్ అయి ఉంటది" అనే మాట మన ఇళ్లలో చాలామందిని ఆలస్యం చేసింది.

ముగ్గురికి మూడు జవాబులు

మా తమ్ముడికి: 7 నిమిషాల 15 సెకన్లను నాలుగు రౌండ్లకు పంచితే 400 మీటర్లకు 1 నిమిషం 48 సెకన్లు. వారంలో ఒక రోజు 400 మీటర్లు 1:45కు ఉరికి, రెండు నిమిషాలు నడిచి, ఇట్లా ఆరు సార్లు. ఇంకో రోజు నాలుగు నాలుగుల పద్ధతి. దానికి ముందు పది నిమిషాల వార్మప్, ఆఖర్న ఐదు నిమిషాలు మెల్లగా కలిపితే మొత్తం 40 నిమిషాలు అవుతుంది. మిగతా మూడు రోజులు ముచ్చట పెట్టగలిగేంత మెల్లగా 40 నుంచి 60 నిమిషాలు. పేరుమోసిన దూర పరుగుల వాళ్లు కూడా దాదాపు 80 శాతం సాధన మెల్లగానే చేస్తారని స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త గమనించాడు. రోజూ గట్టిగా ఉరికితే పెరిగేది దమ్ము కాదు, పిక్కల నొప్పి.

రూమ్మేట్‌కు: వారానికి నాలుగు రోజులు 40 నిమిషాల జోరు నడక లేదా సైకిల్. ఒక రోజు నిమిషం జాగింగ్, నిమిషం నడక, పది సార్లు. రెండు రోజులు దండాలు, గుంజీలు. కూల్‌డ్రింక్ బంద్. రాత్రి అన్నం ఒక గరిటె తక్కువ, పప్పు ఒక గరిటె ఎక్కువ. ఇంటికి పోయినప్పుడు అమ్మ చేసే జొన్నరొట్టె ఎట్లాగూ ఉంది.

నాయినకు: ముందు డాక్టర్. బీపీ అదుపులో ఉందా, గుండె ఎట్లుంది, కాళ్లలో స్పర్శ ఎట్లుంది, చూపించుకున్నాకే ఏదైనా. తర్వాత అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాల నడక, తిన్న తర్వాత షుగర్ పైకి ఎగబాకకుండా అది సాయపడుతుంది. పొద్దున పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద అరగంట. చెప్పులతో కాదు, షూ వేసుకొని. షుగర్ ఒక్కసారిగా పడిపోతే నోట్లో వేసుకోవడానికి జేబులో నాలుగు చక్కెర పలుకులు. రెండు మూడు నెలలు ఇట్లా గడిచి, డాక్టర్ సరే అంటే, జపాన్‌లో షిన్షు విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దవాళ్ల మీద పరీక్షించిన ఇంటర్వల్ నడక: మూడు నిమిషాలు జోరుగా, మూడు నిమిషాలు మెల్లగా, ఐదు సార్లు, వారానికి నాలుగు రోజులు. మామూలు నడక కంటే దీనివల్ల కాళ్ల బలం, దమ్ము ఎక్కువ పెరిగాయి, బీపీ తగ్గింది. ఉరకాల్సిన పని లేదు, ఇది ఆయనకు సరిపోయే హిట్.

ఫోన్లో ఇదంతా చెప్తే నాయిన విని, "అంటే ఆ నాలుగు నిమిషాలది వద్దంటవ్" అన్నాడు. వద్దన్నాను. "మా నాయిన కాలంలో గిట్ల లెక్కలు లేకుండె" అన్నాడు. నిజమే. పాలమూరు, నల్లగొండ మెట్టభూముల్లో రెండు తరాల కింద కసరత్తు అనే మాటకే అర్థం లేదు. దేశంలో ఎన్నో డ్యాములకు, కాలువలకు మట్టి తవ్వి మోసిన పాలమూరు కూలీలకు ఎవరైనా కార్డియో చెయ్యమని చెప్తారా? ఆ కష్టం గొప్పదని నేను అనను, ఆ ఎండలో ఆ కూలికి ఒళ్లు హూనమైంది వాళ్లకే. కానీ ఆ బతుకు నుంచి ఒక్క తరంలో కుర్చీలోకి, బండి మీదికి, ఫోన్లోకి వచ్చేశాం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్, 31 కోట్ల మందికి పైగా బీపీ. మన ఇళ్లలో మాత్రల డబ్బాలు ఎందుకు పెరిగాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది చాలా తేలిక: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరుగా, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టిగా, లేదా రెండూ కలిపి. రెండు రోజులు కండరాలకు పని. ఉరుకుడా, నడకా అని అది పోటీ పెట్టలేదు. గట్టిగా చేసిన ఒక నిమిషం, మెల్లగా చేసిన రెండు నిమిషాలతో సమానం అని మారకం రేటు ఇచ్చింది, అంతే.

ఇక మీ వంతు. ఆరోగ్యంగా ఉండి, కాస్త ఉరికే అలవాటు ఉన్నవాళ్లు ఈ ఆదివారం పొద్దున గ్రౌండుకు రండి. పది నిమిషాలు వార్మప్ చేసి, 12 నిమిషాల్లో ఎంత దూరం పోగలరో పోయి, మీటర్లు రాసుకోండి. దాంట్లోంచి 505 తీసేసి 44.7తో భాగించండి. కెన్నెత్ కూపర్ అనే వైద్యుడు 1968లో ఇచ్చిన లెక్క ఇది. 2000 మీటర్లు పోతే 33, 2400 పోతే 42, 2700 పోతే 49. అదే మీ దమ్ము. నోట్‌బుక్ ఆఖరి పేజీలో తేదీతో సహా రాసుకోండి. ఎనిమిది వారాలు పైన చెప్పినట్టు చేసి, అదే గ్రౌండులో, అదే వేళకు మళ్లీ కొలవండి. సెమిస్టర్‌లో ఎవరూ మార్కులు వేయని ల్యాబ్ ఇదొక్కటే. రీడింగ్ మాత్రం కాపీ కొట్టలేం.